వయసు మీద పడిన కుక్కలు, పిల్లులకు ముందస్తు హెల్త్ చెకప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కల్ని, పిల్లుల్ని తెచ్చేవాళ్లు క్లినిక్‌లో అడిగేవీ, రాత్రిపూట వాట్సాప్‌లో పంపేవీ దాదాపు ఒకే ప్రశ్నలు. ఓపీ హడావిడిలో సగం జవాబే చెప్పగలుగుతున్నాం. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే వాటిని ఒకచోట పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఇదంతా పైకి బాగానే కనిపిస్తున్న జంతువుల చెకప్ గురించి. మీ కుక్క తిండి మానేసి రొప్పుతున్నా, మగపిల్లి మూత్రం రాక ముక్కుతున్నా చదవడం ఆపి ముందు డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

## మొదలుపెట్టే ముందు

మా లాబ్రడార్‌కి ఎనిమిదేళ్లు. బాగా తింటాడు, ఆడతాడు. ఏ జబ్బూ లేనప్పుడు టెస్టులు దేనికి?

కిడ్నీల సంగతే చూడండి. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగి రిపోర్టులో ఎర్రగా కనపడేసరికి కిడ్నీల పనిలో దాదాపు ముప్పావు వంతు పోయి ఉంటుంది. అప్పటిదాకా కుక్క తింటుంది, బంతి తెస్తుంది, గేటు దగ్గర కొరియర్ అబ్బాయి మీద అరుస్తుంది. నీళ్లు కాస్త ఎక్కువ తాగుతోందంటే ఎండలు కదా అనుకుంటాం.

రెండో కారణం నా దృష్టిలో ఇంకా ముఖ్యం. ఒంట్లో బాగున్నప్పటి అంకెలు మీ ఫైల్లో ఉండాలి. పోయిన ఏడాది 0.8 ఉన్న క్రియాటినిన్ ఈ ఏడాది 1.3 అయితే ల్యాబ్ కాగితం దాన్ని నార్మల్ అనే అంటుంది. పాత కాగితం పక్కన పెట్టి చూసిన డాక్టర్ మాత్రం ఆగి ఆలోచిస్తాడు. ఆ పాత కాగితం లేకపోతే ఆ తేడా ఎవరికీ కనపడదు.

ఎన్నేళ్లు వస్తే ముసలిదైనట్టు?

కుక్కల్లో సైజును బట్టి ఉంటుంది. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి భారీ జాతులు అయిదారేళ్లకే ఆ వయసులోకి వస్తాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఏడేళ్లకు. పామెరేనియన్, డాష్‌హండ్ లాంటివి తొమ్మిది పదేళ్లకు. ఆ జాతి సగటు ఆయుష్షులో చివరి పాతిక శాతాన్ని ముసలి వయసుగా లెక్కేయమని అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. పిల్లులైతే ఏడు నుంచి పదేళ్ల దాకా నడివయసు, పది దాటితే పెద్ద వయసు. కుక్కకు ఒక ఏడాది మనిషికి ఏడేళ్లు అనే లెక్కను మర్చిపోండి. అది ఏ జాతికీ సరిగ్గా కుదరదు.

ఏడాదికి ఎన్నిసార్లు చూపించాలి?

డాక్టర్ పరీక్ష ఆర్నెల్లకోసారి, రక్తం, మూత్రం కనీసం ఏడాదికోసారి. ఏదైనా అంకె మారడం మొదలైతే, లేదా బాగా పెద్ద వయసు వచ్చేస్తే టెస్టులు కూడా ఆర్నెల్లకోసారి చేయించడం మంచిది.

మాది వీధి నుంచి తెచ్చుకున్న నాటు కుక్క. వీటికి ఇవన్నీ అక్కర్లేదంటారు కదా?

కొన్ని జాతి జబ్బుల బెడద వీటికి తక్కువే. కానీ కిడ్నీలు, పళ్లు, గడ్డలు, గోమార్ల ద్వారా వచ్చే టిక్ ఫీవర్ జాతి చూసి రావు. పైగా బయట తిరిగే కుక్కల్లో సంపర్కం ద్వారా అంటుకునే ఒక రకం గడ్డ మన దగ్గర మామూలుగా కనిపిస్తుంది. జననాంగం దగ్గర రక్తపు చుక్కలు పడుతుంటాయి. ఆడకుక్కయితే హీట్‌లో (ఎదలో) ఉందనుకుని, మగదైతే మూత్రంలో రక్తం అనుకుని నెలలు గడిపేస్తారు. టైముకి చూపిస్తే విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్లతో చాలావాటికి పూర్తిగా నయమవుతుంది.

మా పిల్లి ఫ్లాట్ దాటి బయటికే వెళ్లదు. దానికేం జబ్బులొస్తాయి?

కిడ్నీ జబ్బు, థైరాయిడ్, బీపీ, షుగర్. పెద్ద వయసు పిల్లుల్లో మేం ఎక్కువగా చూసేవి ఇవే, వీటిలో ఏదీ బయట తిరిగితే వచ్చేది కాదు. పిల్లి తన బాధను బయటపెట్టదు కాబట్టి కుక్క కన్నా దానికే చెకప్ ఎక్కువ అవసరం. మన దగ్గర జరిగేది మాత్రం తలకిందులు. కుక్కల్ని తెస్తారు, పిల్లుల్ని తేరు.

ఆడకుక్కకి ఆపరేషన్ చేయించలేదు. పదేళ్లు వచ్చాయి. ఇప్పుడు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

రెండు ఉన్నాయి. ఒకటి గర్భాశయంలో చీము, దాన్ని పయోమెట్రా అంటాం. సాధారణంగా హీట్ అయిపోయిన నెల రెండు నెలల్లో వస్తుంది. తిండి తగ్గడం, నీళ్లు విపరీతంగా తాగడం, వాంతులు దీని గుర్తులు. కొన్నిటికి కింద చీము కారుతుంది. కొన్నిటికి చుక్క కూడా బయటికి రాదు, అవే ఎక్కువ ప్రమాదం. ఇది ఆ రోజుకారోజు తేల్చాల్సిన సమస్య, రేపు చూద్దాం అనుకునేది కాదు. కాబట్టి ప్రతి హీట్ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

రెండోది రొమ్ము గడ్డలు. నెలకోసారి వెల్లకిలా పడుకోబెట్టి, చంకల నుంచి తొడల దాకా రెండు వరుసలూ వేళ్లతో తడమండి. బఠాణీ గింజంత ఉన్నప్పుడు దొరికిన గడ్డకూ నిమ్మకాయంత అయ్యాక దొరికినదానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. పదేళ్ల వయసులో కూడా, రక్త పరీక్షలు బాగుంటే, గర్భాశయం తీసేసే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవచ్చు.

అన్నిటికీ డబ్బు సరిపోదు. ఏది ముందు చేయించమంటారు?

నిజాయితీగా మా వరుస ఇదీ. మొదట డాక్టర్ చేత్తో చేసే పూర్తి పరీక్ష, బరువు. తర్వాత మూత్రం. అందరూ వదిలేసేది ఇదే, కానీ పెట్టిన రూపాయికి ఎక్కువ సమాచారం ఇచ్చేదీ ఇదే. ఆ తర్వాత సీబీసీ (రక్తకణాల లెక్క), దాంతోపాటు స్లైడ్ మీద రక్తం చూడటం. ఆపైన క్రియాటినిన్, గ్లూకోజ్, ఏఎల్‌టీ (లివర్ ఎంజైమ్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్). పిల్లికైతే బీపీ, పదేళ్లు దాటితే టీ4 (థైరాయిడ్ హార్మోన్) కూడా ఈ మొదటి వరుసలోనే రావాలి. స్కానింగ్, ఎకో (గుండె స్కాన్), హార్మోన్ పరీక్షలు వీటిలో ఏదైనా తేడా కనపడ్డాక ఆలోచించవచ్చు.

యాభై అరవై అంశాలతో వచ్చే ఫుల్ బాడీ ప్యాకేజీలంటే నాకు పెద్ద మోజు లేదు. అన్ని అంకెలున్నప్పుడు ఒకటో రెండో ఊరికే పక్కకి జరుగుతాయి, వాటి వెంటపడి మళ్లీ టెస్టులు. ఆ డబ్బుతో ఆర్నెల్ల తర్వాత మూత్రం, క్రియాటినిన్ మళ్లీ చేయించండి.

ఖర్చు భారం అనిపిస్తే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రులున్నాయి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. పొద్దున్నే వెళ్లి, ఓపిగ్గా కూర్చునేందుకు సిద్ధపడి వెళ్లండి.

## ముందు రోజు, ఆ రోజు పొద్దున

పరగడుపున తీసుకురావాలా? నీళ్లు కూడా ఇవ్వకూడదా?

కుక్కకు ముందు రాత్రి భోజనం పెట్టి, పొద్దున ఏమీ పెట్టకుండా తెస్తే చాలు. ఎనిమిది నుంచి పన్నెండు గంటల గ్యాప్ కావాలి. నీళ్లు మాత్రం ఆపకూడదు. మన ఇళ్లలో చిక్కంతా పొద్దున ఆరింటికి తాతగారు తాగే టీ దగ్గర వస్తుంది. ఆయన ముంచి పెట్టే రెండు బిస్కెట్లు ఎవరి లెక్కలోకీ రావు. తిన్నాక తీసిన రక్తంలో కొవ్వు తేలి సీరం పాలలా తెల్లబడితే కొన్ని అంకెలు తప్పుగా వస్తాయి.

ఇన్సులిన్ తీసుకునే జంతువులకు ఈ నియమం వర్తించదు, ముందు రోజే ఫోన్ చేసి అడగండి. పిల్లిని రోజంతా పస్తు ఉంచకండి. రోజూ వేసే గుండె, బీపీ మాత్రల్ని మీ అంతట మీరు ఆపొద్దు.

మూత్రం శాంపిల్ ఎలా పట్టాలి? గిన్నె పెట్టేలోపే అయిపోతుంది!

మగకుక్కకు పొడుగు కాడ ఉన్న స్టీల్ గరిటె ఇందుకు బాగా పనికొస్తుంది. శుభ్రంగా కడిగి, సబ్బు మరక లేకుండా ఆరబెట్టి, పొద్దున మొదటిసారి బయటికి తీసుకెళ్లేటప్పుడు వెనక పట్టుకుని నడవండి. కాలెత్తి ధార మొదలయ్యాక పక్కనుంచి గరిటె చాపండి, ముందే చాపితే ఆపేస్తుంది. ఆడకుక్క కూర్చున్నాక లోతు తక్కువ ఉన్న డబ్బా మూత వెనకనుంచి జారవిడవండి. రెండు మూడు చెంచాలు చాలు. మెడికల్ షాపులో దొరికే యూరిన్ డబ్బాలో పోసి, గంటలోపు తెచ్చేయండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టి, ఎప్పుడు పట్టారో మూత మీద రాయండి. ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి రాకుండా చూసుకోవడం మీ బాధ్యత.

పిల్లికి లిట్టర్ బాక్స్ ఖాళీ చేసి, కడిగి, పీల్చుకోని ప్లాస్టిక్ పూసలు గానీ కడిగిన అక్వేరియం రాళ్లు గానీ వేయండి. కుదరకపోతే డాక్టరే స్కాన్‌లో చూస్తూ సన్న సూదితో మూత్రాశయం నుంచి తీస్తారు. వినడానికి భయంగా ఉన్నా, రక్తం తీసినంత పనే. ఇన్ఫెక్షన్ కల్చర్ చేయాలంటే ఆ శాంపిలే నమ్మదగినది.

పిల్లిని బాక్స్‌లో పెట్టడమే పెద్ద యుద్ధం. ఎలా తెచ్చేది?

బాక్స్ ఆ రోజే అటక మీంచి దించితే యుద్ధమే. వారం ముందే హాల్లో తలుపు తెరిచి పెట్టి, దాని పాత దుప్పటి వేసి, తిండి అందులోనే పెట్టండి. పైనుంచి తెరుచుకునే బాక్స్ అయితే సగం పరీక్ష దాన్ని బయటికి లాగకుండానే చేయొచ్చు. దారిలో పైన తువ్వాలు కప్పండి. గోనెసంచిలోనో బ్యాగులోనో వేసి స్కూటర్ మీద మాత్రం తేకండి. మరీ భయపడే పిల్లికి ముందుగా ఇచ్చే గాబాపెంటిన్ అనే మందు ఉంది. డోసు డాక్టర్ చెప్పాలి, ఇంట్లో పెద్దవాళ్లకి రాసిన మాత్ర ముక్క చేసి వేయకూడదు.

వచ్చేటప్పుడు ఏమేం తేవాలి?

పాత రిపోర్టులు, టీకాల పుస్తకం, ప్రస్తుతం వేస్తున్న మందుల స్ట్రిప్పులు. దగ్గు, కుంటడం, ఫిట్స్ లాంటివి ఉంటే ఫోన్‌లో తీసిన వీడియో. క్లినిక్‌కి రాగానే కుంటడం మానేసే కుక్కలే ఎక్కువ!

మే నెలలో చెకప్‌కి తేవొచ్చా?

తొందరేమీ లేకపోతే చలికాలంలోనో వానలు మొదలయ్యాకో పెట్టుకోండి. తప్పదంటే పొద్దున మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. పగ్, షీట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని మధ్యాహ్నం ఎండలో ఆటోలో తేవడం టెస్టు చేయించకపోవడం కన్నా ప్రమాదం.

## క్లినిక్‌లో

డాక్టర్ చేత్తో తడిమి చూసి ఫీజు తీసుకున్నారు. అదేం చెకప్?

అదే అసలు చెకప్. దవడ కింద, భుజాల ముందు, మోకాళ్ల వెనక గ్రంథులు ఉబ్బాయా అని చూస్తారు. లింఫోమా అనే క్యాన్సర్ చాలాసార్లు అక్కడే మొదట తగులుతుంది. పొట్ట నొక్కితే ప్లీహం పెరిగిందా, పిల్లి కిడ్నీలు చిన్నబడ్డాయా అని తెలుస్తుంది. వెన్నెముక పక్కన కండ కరిగిందా, వృషణాలు రెండూ ఒకే సైజులో ఉన్నాయా, చిగుళ్ల రంగు ఎలా ఉంది, గుండెలో అదనపు శబ్దం ఉందా, ఇవన్నీ ఆ పది నిమిషాల్లోనే. గ్లవ్ వేసుకుని మలద్వారంలోంచి కూడా చూస్తారు. మగకుక్కకు ప్రోస్టేట్, ఆడామగా రెండిటికీ ఆసన గ్రంథుల గడ్డలు అలాగే దొరుకుతాయి. వీటిలో చాలావరకు రక్త పరీక్షలో కనపడవు. మీ కుక్కని ఎవరూ తాకకుండానే రక్తం తీసి పంపించేస్తే అప్పుడు అడగండి, అదేం చెకప్ అని.

బీపీ కుక్కలకీ పిల్లులకీ కూడా చూస్తారా? మా ఇంట్లో ఉన్న మెషీన్‌తో చూడొచ్చా?

చూస్తారు, కానీ ఇంట్లో మెషీన్ పనికిరాదు. కాలికి చుట్టే కఫ్ వెడల్పు కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. రాగానే కాకుండా కాసేపు గదిలో కుదురుకోనిచ్చి, ఒకటికి నాలుగైదు రీడింగులు తీసి, మొదటిది వదిలేసి సగటు తీస్తారు. పై అంకె 140 లోపు నార్మల్, 160 దాటితే బీపీ ఉన్నట్టు, 180 దాటితే కళ్లకూ మెదడుకూ ప్రమాదం. రాత్రికి రాత్రి చూపు పోయిందని తెచ్చే ముసలి పిల్లుల్లో చాలావాటికి కారణం బీపీయే. కంట్లో రెటీనా ఊడిపోయి ఉంటుంది. పిల్లుల బీపీకి ఆమ్లోడిపిన్ బాగా పనిచేస్తుంది, అందుకే ముందే కనిపెడితే అంత లాభం.

ఎస్‌డీఎంఏ టెస్టు చేయించమన్నారు. క్రియాటినిన్ ఉండగా ఇదెందుకు?

క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. ముసలి పిల్లి కండ కరిగి బక్కచిక్కితే, కిడ్నీలు దెబ్బతిన్నా క్రియాటినిన్ తక్కువే చూపిస్తుంది. ఎస్‌డీఎంఏ కూడా కిడ్నీల పనిని చూపే రక్త పరీక్షే, కానీ దానికి కండతో పని లేదు. సగటున 40 శాతం పని పోయేసరికే పెరుగుతుంది, 14 దాటితే గమనించాలి. 2015 నుంచి వాడకంలో ఉంది. సన్నబడిన పిల్లికి నేను తప్పకుండా చేయిస్తాను. దిట్టంగా ఉన్న కుక్కకు, మూత్రం బాగా చిక్కగా ఉంటే, ఆ డబ్బు మిగిల్చుకోవచ్చు.

ఎక్స్‌రే, స్కానింగ్ రెండూ కావాలా?

రెండూ చూపేవి వేరు. ఊపిరితిత్తులు, గుండె సైజు, ఎముకలు ఎక్స్‌రేలో. ప్లీహం, లివర్, కిడ్నీలు, మూత్రాశయం లోపలి సంగతి స్కానింగ్‌లో. జర్మన్ షెపర్డ్, గోల్డెన్, లాబ్ లాంటి పెద్ద జాతుల్లో ప్లీహం మీద గడ్డ ఏ లక్షణమూ లేకుండా పెరిగి, ఒకరోజు పగిలి కుక్క కూలబడుతుంది. కాబట్టి ఎనిమిదేళ్లు దాటిన ఈ జాతులకు ఏడాదికోసారి పొట్ట స్కాన్ చేయించమంటాను.

మా పామెరేనియన్‌కి గుండెలో శబ్దం ఉందన్నారు. దగ్గు కూడా లేదు. ఎకో తీయించాలా?

తీయించండి. చిన్న జాతుల్లో వయసుతో పాటు మైట్రల్ కవాటం మందమై రక్తం వెనక్కి కారుతుంది. కొన్నేళ్ల పాటు శబ్దం తప్ప ఇంకేమీ ఉండదు. తెలుసుకోవాల్సింది గుండె సైజు పెరిగిందా లేదా. పెరిగితే లక్షణాలు రాకముందే పిమోబెండన్ అనే గుండె మందు మొదలుపెడితే లాభమని 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం చూపించింది. గుండె ఫెయిల్యూర్ సగటున 15 నెలలు వెనక్కి జరిగింది. సైజు పెరగకపోతే ఆ మందుతో పని లేదు. శబ్దం విని వెంటనే మాత్రలు రాసేస్తే, సైజు చూశారా అని అడగండి.

పళ్లు క్లీన్ చేయాలంటే మత్తివ్వాలట. పన్నెండేళ్లకి మత్తు తట్టుకుంటుందా?

వయసు ఒక్కటే అడ్డు కాదు. గుండె, కిడ్నీ, రక్తం పరీక్షలు బాగుంటే, మత్తులో ఉన్నంతసేపూ బీపీ, ఆక్సిజన్ చూసే మానిటర్ ఉంటే చేయించవచ్చు. మత్తు లేకుండా గీకితే పైకి కనపడే గార పోయి పళ్లు తెల్లగా మెరుస్తాయి, చిగురు కింద చీము అలాగే ఉంటుంది. ఆ నొప్పితోనే కుక్క తిండి తగ్గిస్తుంది, ఇంట్లోవాళ్లు వయసు కదా అనుకుంటారు.

## రిపోర్ట్ చేతికొచ్చాక

మా ఊళ్లో మనుషుల ల్యాబ్‌లో చేయించాం. ప్లేట్‌లెట్లు 40 వేలని వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

పిల్లి రిపోర్టు అయితే ముందు స్లైడ్ చూడమనండి. పిల్లి ప్లేట్‌లెట్లు పెద్దవిగా ఉంటాయి, గుంపులుగా అతుక్కుంటాయి. మెషీన్ వాటిని సరిగ్గా లెక్కపెట్టలేదు. కుక్కకైతే ఆ అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. స్లైడ్ మీద కూడా తక్కువే కనిపిస్తే మన ప్రాంతంలో మొదటి అనుమానం టిక్ ఫీవర్.

ఇంకో జాగ్రత్త. మనుషుల ల్యాబ్ కాగితం మీద కుడిపక్క అచ్చయ్యే నార్మల్ రేంజ్ మనుషులది. దాన్ని చూసి హై, లో అని ఇంట్లో తీర్పులు చెప్పుకోవద్దు.

టిక్ ఫీవర్ కిట్‌లో పాజిటివ్ వచ్చింది. కుక్క మాత్రం హుషారుగా ఉంది. మందులు వాడాలా?

ఆ కిట్ చాలావరకు యాంటీబాడీల్ని చూపిస్తుంది, అంటే ఎర్లిషియా అనే టిక్ ఫీవర్ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని. ఇప్పుడు ఉందా లేదా అనేది వేరే సంగతి. గోమార్లు పట్టని కుక్క మన దగ్గర అరుదు కాబట్టి పాజిటివ్‌లు ఎక్కువే వస్తాయి. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, ప్రొటీన్లు, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. అన్నీ బాగుంటే కొన్ని వారాలకు మళ్లీ చూడొచ్చు. ఏదైనా తేడా ఉంటే పీసీఆర్ చేయించి మందులు వాడాలి. ఈ జబ్బు నెలలు, ఏళ్లు లోపల దాగి ఉండి తర్వాత ఎముక మజ్జను దెబ్బతీయగలదు, అందుకే పూర్తిగా వదిలేయకూడదు. గోమార్ల మందు ఏడాది పొడవునా వాడండి, ఒక్క వానాకాలంలో కాదు.

క్రియాటినిన్ 1.8 వచ్చింది. కిడ్నీలు ఫెయిల్ అయినట్టేనా?

కాదు. మొదట, ఒక్క టెస్టుతో తేల్చరు. ఒంట్లో నీరు తగ్గినా ఈ అంకె పెరుగుతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ చేసినా అలాగే ఉంటే, ప్రపంచమంతా వాడే ఐరిస్ పద్ధతి ప్రకారం కుక్కకైనా పిల్లికైనా అది నాలుగు దశల్లో రెండోది. రెండో దశలో ఉన్న పిల్లులు సరైన తిండి, నీళ్లతో ఏళ్ల తరబడి బతుకుతాయి.

దాంతోపాటు మూడు చూడాలి. మూత్రం చిక్కదనం: కుక్కకు 1.030, పిల్లికి 1.035 పైన ఉంటే కిడ్నీ నీటిని బాగానే పట్టి ఉంచుతోందని. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే యూపీసీ: కుక్కకు 0.5, పిల్లికి 0.4 దాటితే మందు అవసరం పడొచ్చు. మూడోది బీపీ. ఈ మూడూ చూడకుండా కిడ్నీ డైట్ బస్తా కొనేయకండి.

మా పిల్లికి షుగర్ 240. ఇన్సులిన్ మొదలుపెట్టాలా?

ఆగండి. భయపడిన పిల్లికి క్లినిక్‌లో షుగర్ ఆ మాత్రం పెరగడం మామూలే. ఫ్రక్టోజమీన్ అనే టెస్టు గత రెండు వారాల సగటు చెబుతుంది. ఇంట్లో పట్టిన మూత్రంలో షుగర్ ఉందేమో కూడా చూడాలి. నీళ్లు, మూత్రం పెరిగి, బరువు తగ్గుతుంటే మాత్రం అనుమానం గట్టిదే.

ఏఎల్‌పీ బాగా ఎక్కువగా ఉంది. లివర్ పోయిందా?

కుక్కల్లో ఏఎల్‌పీ అనే ఎంజైమ్ చాలా కారణాలకు పెరుగుతుంది. దురదకు వాడిన స్టెరాయిడ్, ఫిట్స్‌కి వేసే ఫినోబార్బిటాల్, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు, ఇలా. వాడిన మందులన్నీ డాక్టర్‌కి చెప్పండి, చెవి చుక్కలతో సహా. పిల్లిలో అయితే కథ వేరు. కాస్త పెరిగినా పట్టించుకోవాలి.

కుక్కకి థైరాయిడ్ తక్కువని వచ్చింది. జీవితాంతం మాత్రలేనా?

టీ4 ఒక్కటే తక్కువగా ఉంటే చాలదు. వేరే ఏ జబ్బున్నా, కొన్ని మందులు వాడుతున్నా అది తగ్గుతుంది. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 కూడా చూసి, బరువు పెరగడం, జుట్టు రాలడం, డల్‌గా ఉండటం లాంటి లక్షణాలు కలిస్తేనే మాత్రలు.

పక్కటెముకల మీద మెత్తటి గడ్డ. కొవ్వు గడ్డేనన్నారు. వదిలేయొచ్చా?

చూసి చెప్పారా, సూదితో తీసి చూసి చెప్పారా? మాస్ట్ సెల్ ట్యూమర్ అనే క్యాన్సర్ చేతికి అచ్చం కొవ్వు గడ్డలాగే తగులుతుంది. సన్న సూదితో కణాలు తీసి స్లైడ్ మీద చూడటానికి మత్తు కూడా అక్కర్లేదు. పిల్లి రొమ్ము దగ్గర గడ్డయితే అసలు ఆగకండి, వాటిలో ఎక్కువ భాగం క్యాన్సరే.

## ఇంట్లో

చెకప్‌కి చెకప్‌కి మధ్య ఇంట్లో ఏం గమనించాలి?

నిద్రలో ఊపిరి. గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ పైకి లేచి దిగితే ఒకటి. నిమిషానికి 30 దాటడం రెండు మూడు సార్లు కనిపిస్తే ఫోన్ చేయండి.

నీళ్లు. పొద్దున కొలిచి పోసి, మర్నాడు మిగిలింది తీసేయండి. కిలోకి రోజుకు కుక్క 100 మిల్లీలీటర్లు, పిల్లి 50 దాటి తాగితే ఎక్కువే.

బరువు. పిల్లిని ఎత్తుకుని మెషీన్ ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి తీసివేయండి. నాలుగు కిలోల పిల్లి 300 గ్రాములు తగ్గిందంటే 60 కిలోల మనిషి నాలుగున్నర కిలోలు తగ్గినట్టు. బాగా తింటూ తగ్గుతోందంటే థైరాయిడ్, షుగర్ చూడాల్సిందే.

మెట్లెక్కడం మానేసింది. వయసే కదా? నొప్పికి మా మాత్ర సగం వేయొచ్చా?

మెట్లు మానేయడం, పిల్లయితే కిటికీ గట్టు ఎక్కకపోవడం కీళ్ల నొప్పి గుర్తులు. పన్నెండేళ్లు దాటిన పిల్లుల్ని ఎక్స్‌రే తీసి చూసిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో 90 శాతం వాటికి కీళ్ల అరుగుదల కనిపించింది. కుంటవు కాబట్టి మనకు తెలియదు.

మనుషుల మాత్ర వద్దు. పిల్లికి ఒక్క పారాసెటమాల్ మాత్ర ప్రాణం తీయగలదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. జంతువులకు వాడే మెలాక్సికామ్ కూడా కిడ్నీ, లివర్ చూశాకే ఎక్కువ రోజులు వాడాలి.

రాత్రిళ్లు లేచి ఊరికే అరుస్తోంది, మూలకి వెళ్లి నిలబడిపోతోంది. మతిమరుపా?

అయి ఉండొచ్చు. ఒక అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్లవాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణాల్లో కనీసం ఒకటి కనిపించింది. కానీ ఆ పేరు పెట్టేముందు నొప్పి, చూపు, చెవుడు, పిల్లికైతే బీపీ, థైరాయిడ్ లేవని తేల్చుకోవాలి. వాటికి మందు ఉంది.

మేం శాకాహారులం. పెరుగన్నంతోనే పెరిగింది. ఇప్పుడేమైనా మార్చాలా?

కుక్కకైతే ముసలితనంలో ప్రొటీన్ తక్కువై కండ కరిగే ప్రమాదం ఉంది. ఇంట్లో మాంసం వండకపోయినా ప్యాకెట్ ఫుడ్ కొంత కలపొచ్చు. పిల్లి సంగతి వేరు. దానికి టారిన్ తప్పనిసరి, పెరుగన్నంలో అది దాదాపు ఉండదు. టారిన్ లోపంతో పిల్లుల గుండె కండరం పలచబడుతుందని, తిరిగి ఇస్తే కోలుకుంటుందని 1987లోనే తేలింది. కంటి చూపు మాత్రం పోతే తిరిగి రాదు. ఏళ్ల తరబడి అన్నం మీదే ఉన్న పిల్లికి తిండి మార్చడంతోపాటు ఎకో, కంటి పరీక్ష చేయించండి.

ముసలిదైంది కదా, టీకాలు ఆపేయొచ్చా?

రేబిస్ ఆపకూడదు, ఎన్నేళ్లొచ్చినా. మిగతావి జబ్బుల్ని, ఉండే చోటును బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. ఎలుకలు తిరిగే, వాననీళ్లు నిలిచే చోట లెప్టోస్పైరోసిస్ టీకా ముఖ్యం.

పద్నాలుగేళ్లు. ఇప్పటికే గుండె మందులు వాడుతున్నాం. ఇంకా టెస్టులు చేయిస్తూనే ఉండాలా?

ప్రతి టెస్టుకీ ముందు డాక్టర్‌ని ఒకటే అడగండి: రిపోర్ట్ చెడ్డగా వస్తే మనం చేసేది ఏమైనా మారుతుందా? గుండె మందుతోపాటు ఒంట్లో నీరు తీసే ఫ్రూసెమైడ్ వాడుతుంటే కిడ్నీ, పొటాషియం అంకెల్ని బట్టి డోసు మారుతుంది కాబట్టి అవి చేయించాల్సిందే. పొట్టలో గడ్డ బయటపడినా ఆపరేషన్‌కి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరని ముందే తేలిపోతే దాని కోసం స్కానింగ్ టేబుల్ మీద గంటసేపు పట్టి ఉంచడం అనవసరం. అప్పుడు చూడాల్సినవి నొప్పి, తిండి, నిద్ర, ఊపిరి. వాటి కోసం డాక్టర్‌ని ఇంటికి రమ్మని కూడా అడగొచ్చు. చాలా ఊళ్లలో వస్తారు.